జర్మ్ ట్యూబ్ పరీక్ష: క్యాండిడా కణం రూపం మార్చుకోవడాన్ని కళ్లారా చూడటం ఎలా

మైక్రోబయాలజీ ల్యాబ్‌లో ఇంత చవకగా అయ్యే పరీక్ష, ఇంత అశ్రద్ధగా చేసే పరీక్ష మరొకటి లేదని నా అభిప్రాయం. అర మిల్లీలీటరు సీరం, చిన్న గాజు గొట్టం, 37 డిగ్రీల వేడి, రెండున్నర గంటల ఓపిక ఉంటే చాలు. ప్లేటు మీద పెరిగిన ఈస్ట్, అంటే ఒంటికణపు శిలీంధ్రం, క్యాండిడా ఆల్బికన్స్ అవునో కాదో ఆ పూటే దాదాపుగా తేలిపోతుంది. కృష్ణా డెల్టాలోని ఒక ప్రభుత్వాసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తూ, శిక్షణకు వచ్చే డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) పిల్లలకు దీన్ని ఏళ్ల తరబడి నేర్పుతున్నాను. పద్ధతిని అందరూ నోట్సులో పొందికగా రాసుకుంటారు. "కాలనీ కొంచెమే ఎందుకు తీసుకోవాలి? మూడు గంటలు దాటితే ఏమవుతుంది?" అని అడిగితే మాత్రం నీళ్లు నములుతారు. ఆ రెండు ప్రశ్నలకు జవాబు తెలియనివారి ఫలితాన్ని నేను నమ్మను. అందుకే ఇక్కడ పద్ధతితో పాటు కారణాలూ చెబుతున్నాను. ఈ పరీక్షలోని ప్రతి నియమమూ ఆ శిలీంధ్రం మనిషి ఒంట్లో చేసే పని నుంచి వచ్చిందే.

ముందు దాని సంగతి

క్యాండిడా ఆల్బికన్స్ ఎక్కడినుంచో ఊడిపడే శత్రువు కాదు. ఏ జబ్బూ లేని చాలామంది నోట్లో, పేగుల్లో, స్త్రీల యోనిలో ఎప్పుడూ ఉంటుంది. అలా పడి ఉన్నంతకాలం ఎక్కువగా ఈస్ట్ రూపంలో ఉంటుంది. గుండ్రంగానో కాస్త కోలగానో ఉండే కణం, నాలుగు నుంచి ఆరు మైక్రాన్లు. పక్కన ఒక మొగ్గ తొడుగుతుంది, మొగ్గ పెరిగి విడిపోతుంది, సంతతి అలా పెరుగుతుంది. పరిస్థితులు మారినప్పుడు అదే కణం మొగ్గ తొడగడం మాని సన్నటి గొట్టాన్ని బయటికి చాస్తుంది. ఆ గొట్టమే జర్మ్ ట్యూబ్, వాడుకలో మొలక. అది సాగుతూ పోయి, లోపల అడ్డుగోడలు కట్టుకుంటే హైఫా అంటాం. తెలుగులో పోగు అనుకుందాం. ఈ రెండింటి మధ్య సూడోహైఫా అనే మూడో రూపం ఉంది. అక్కడ మొగ్గలు పొడుగ్గా సాగుతాయి, తల్లి కణాన్ని వదలవు, గొలుసుకట్టుగా ఉండిపోతాయి. పరీక్షలో జరిగే పొరపాట్లలో సగం ఈ మూడో రూపాన్ని రెండో రూపమనుకోవడం వల్లే.

మా దగ్గరికి ఇది ఎవరి నమూనాల్లో వస్తుందో చూస్తే దాని తీరు అర్థమవుతుంది. మూత్రపు గొట్టం పెట్టిన షుగరు రోగులు. నాలుక మీద తెల్లని పూత ఉన్న పసిపిల్లలు. హెచ్‌ఐవీ ఉన్నవారు. ఉబ్బసానికి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చి నోరు పుక్కిలించనివారు. కట్టుడు పళ్లను రాత్రిళ్లు కూడా తీయని పెద్దవారు. జ్వరం తగ్గలేదని ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర యాంటీబయాటిక్ కోర్సు మీద కోర్సు వాడి వచ్చినవారు. ఇందరిలో శిలీంధ్రం పాతదే. దాన్ని అదుపులో ఉంచే తెల్ల రక్తకణాలో, దానితో చోటుకు పోటీపడే బ్యాక్టీరియానో, చెక్కుచెదరని చర్మమో పొరో, ఏదో ఒకటి బలహీనపడింది.

కావలసినవి

అన్నిటికన్నా ముఖ్యం సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేరే ద్రవం. రక్తం, సీరం తగిలితే క్యాండిడా పోగులు చాస్తుందని 1956లో రేనాల్డ్స్, బ్రౌడ్ అనే ఇద్దరు గమనించారు. కొన్ని పాత పుస్తకాల్లో ఈ పరీక్షకు వారి పేరే కనిపిస్తుంది. 1960లో టాష్‌జియన్ బృందం దాన్ని గుర్తింపు పరీక్షగా మలిచింది. ఇంత కాలమైనా పద్ధతి పెద్దగా మారలేదు.

గొర్రె, గుర్రం, దూడ పిండం, మనిషి, దేని సీరమైనా పనికొస్తుంది. కొనుక్కునే స్తోమత ఉంటే దూడ పిండం సీరం మేలు, ఒక సీసాకూ మరో సీసాకూ తేడా తక్కువ. మనిషి సీరమే వాడేటట్లయితే హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి లేవని పరీక్షించినదే తీసుకోవాలి. బయోకెమిస్ట్రీ వాళ్ల దగ్గర మిగిలిన గొట్టాల్లోంచి దొరికినది దొరికినట్టు పోసేయడం కొన్నిచోట్ల అలవాటు. అది రెండు విధాలా తప్పు. మొదటిది, మీకు ప్రమాదం. రెండోది, ఆ రోగి శిలీంధ్రాలకు ఇచ్చే ఫ్లూకొనజోల్ వాడుతుంటే ఆ మందు సీరంలోనే ఉంటుంది, మొలకలు సరిగా రావు. సీరం దొరకనిచోట కోడిగుడ్డు తెల్లసొనతోనూ మొలకలు వస్తాయి. కానీ కంట్రోల్ (ఫలితం ముందే తెలిసిన ఈస్ట్‌తో పక్కనే చేసే పరీక్ష) పెట్టకుండా దాన్ని వాడవద్దు.

సీరం రాగానే 0.5 మి.లీ. చొప్పున చిన్న గొట్టాల్లో పోసి, మైనస్ 20 డిగ్రీల దగ్గర గడ్డకట్టించి ఉంచుకోండి. ఏ రోజు ఎన్ని కావాలో అన్నే తీయాలి. కరిగినదాన్ని మళ్లీ గడ్డకట్టించకూడదు.

మిగతావి మామూలువే: 37 డిగ్రీల ఇంక్యుబేటర్ లేదా వాటర్ బాత్, స్లైడ్లు, కవర్ స్లిప్‌లు, లూప్ లేదా పాశ్చర్ పిపెట్, మైక్రోస్కోప్, చేతి తొడుగులు. ఇవి కాక రెండు కంట్రోల్ స్ట్రెయిన్‌లు. ఒకటి కచ్చితంగా మొలకెత్తే ఆల్బికన్స్. రెండోది మొలకెత్తనిది. రెండోదానికి చాలామంది క్యాండిడాలోనే మరో జాతి అయిన గ్లాబ్రాటా పెట్టుకుంటారు, ఎందుకంటే అది ఎప్పుడూ గుండ్రంగానే ఉంటుంది, అనుమానానికి తావివ్వదు. నేను ట్రాపికాలిస్ అనే ఇంకో జాతి పెట్టమంటాను. అది కొంచెం మోసం చేస్తుంది, ఆ మోసాన్ని రోజూ చూసిన కన్నే పదునెక్కుతుంది.

మొదలుపెట్టే ముందు

శిలీంధ్రాలను పెంచే సబరో అగర్ మీద 24 నుంచి 48 గంటలు పెరిగిన తాజా కాలనీ కావాలి. వారం రోజులు ఫ్రిజ్‌లో పడి ఉన్న ప్లేటు తెచ్చి నెగెటివ్ వచ్చిందంటే నేను చూడను కూడా చూడను. కాలనీ తెల్లగా, మీగడ రంగులో, మెత్తగా ఉంటుంది, ఈస్ట్ వాసన వస్తుంది. అయితే తెల్లగా మెత్తగా ఉన్నదల్లా క్యాండిడా కాదు. యాంటీబయాటిక్ కలపని సబరో ప్లేటు మీద స్టెఫైలోకాకస్ కూడా ఇంచుమించు అలాగే కనిపిస్తుంది. అందుకని ముందు ఒక గ్రామ్ స్టెయిన్ (కణాలకు రంగు పట్టించి చూసే పద్ధతి) వేయండి. రెండూ ఊదాగానే కనిపిస్తాయి కానీ స్టెఫ్ కణం ఒక మైక్రాన్ మాత్రమే, ఈస్ట్ దానికి నాలుగైదు రెట్లుంటుంది, పక్కన మొగ్గలూ కనిపిస్తాయి. అయిదు నిమిషాల పని. రెండున్నర గంటలు బ్యాక్టీరియాను సీరంలో వేడి చేసి కూర్చోవడం కన్నా నయం.

ప్లేటు మీద రెండు రకాల కాలనీలు ఉంటే విడదీసి, శుద్ధమైనది వచ్చాకే పరీక్ష పెట్టండి. కలగాపులగంగా ఉన్నదానితో వచ్చే ఫలితానికి అర్థం లేదు.

కాలనీ ఎంత తీసుకోవాలి

ఇక్కడే ఎక్కువమంది తప్పుతారు. లూప్ నిండా తోడి సీరంలో కలిపేస్తారు. ఎంత ఎక్కువ వేస్తే అన్ని మొలకలు కనిపిస్తాయని వారి లెక్క. జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం. సీరం పాలలా తెల్లబడేంత వేస్తే ఆల్బికన్స్ కూడా మొలకెత్తకుండా గుండ్రంగానే కూర్చుంటుంది. మీరు నెగెటివ్ రాసేస్తారు.

లూప్ అంచుతోనో పిపెట్ కొసతోనో కాలనీని అలా తాకి, ఆ కొసను సీరంలో కడిగితే చాలు. గొట్టాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే సీరం కాస్త మసకబారినట్టు ఉండాలి, అంతే.

ఎందుకు? ఈ శిలీంధ్రానికి తన చుట్టూ తనవాళ్లు ఎంతమంది ఉన్నారో తెలుసుకునే ఏర్పాటు ఉంది. ప్రతి కణమూ ఫార్నెసాల్ అనే పదార్థాన్ని కొద్దికొద్దిగా బయటికి వదులుతుంది. కణాలు పలుచగా ఉంటే అది పోగుపడదు. మి.లీ.కు సుమారు పది లక్షల కణాలు దాటి గుంపు చిక్కబడితే దాని మోతాదు పెరిగి, "ఇక పోగులు చాచవద్దు" అన్న సంకేతంగా పనిచేస్తుంది. అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2001లో ఈ సంగతి బయటపెట్టారు. గుంపు చిక్కగా ఉన్నచోట ఈస్ట్‌గా ఉండి విడిపోయి కొత్త చోటికి పోవడం, పలుచగా ఉన్నచోట పోగుగా మారి పాతుకుపోవడం దాని బతుకుతెరువుకు లాభం. మన గొట్టంలో మాత్రం ఆ తెలివి మనల్ని తప్పుదారి పట్టిస్తుంది.

వేడి, సమయం

గొట్టాన్ని 37 డిగ్రీల దగ్గర పెట్టండి. 35 దాకా ఫరవాలేదు. దానికన్నా తగ్గితే మొలకలు ఆలస్యమవుతాయి, లేదా రావు. ఇంక్యుబేటర్ తలుపు మీద వెలిగే అంకెను నమ్మకుండా లోపల ఒక థర్మామీటరు పెట్టి చూడండి. కరెంటు పోతే తలుపు తెరవకండి, లోపలి వేడి కాసేపు నిలుస్తుంది.

మే నెలలో మా పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "మేడం, గదే 40 డిగ్రీలుంది కదా, బల్ల మీదే పెడితే రాదా?" రావచ్చు. కానీ గది వేడి ఫ్యాను కింద ఒకలా, కిటికీ పక్కన ఒకలా ఉంటుంది. ఎంతుందో తెలియని వేడితో చేసినదాన్ని పరీక్ష అనలేం.

వేడికి ఇంత పట్టింపు ఎందుకంటే క్యాండిడా కూడా వేడిని కొలుచుకుంటుంది. కణంలో హెచ్ఎస్‌పీ 90 అనే ప్రొటీన్ ఉంది. అది మామూలుగా పోగు రూపానికి దారితీసే సంకేతాలను తొక్కిపెట్టి ఉంచుతుంది. వేడి పెరిగినప్పుడు ఆ ప్రొటీన్‌కు వేరే పని ఎక్కువై పట్టు సడలుతుంది, సంకేతాలు ముందుకు నడుస్తాయి. 2009లో వచ్చిన పరిశోధన ఇది. మన ఒంటి వేడి, ముఖ్యంగా జ్వరం వేడి, దానికి అనుకూల సంకేతమన్నమాట.

సీరంలో ఏముందని అది మేల్కొంటుందో తెలియడానికి చాలాకాలం పట్టింది. 2008లో సింగపూర్ పరిశోధకులు చూపిందేమిటంటే, సీరంలో బ్యాక్టీరియా కణకవచపు చిన్న ముక్కలు ఉంటాయి, క్యాండిడాలోని సీవైఆర్1 అనే ఎంజైమ్ వాటిని నేరుగా పట్టుకుంటుంది. దానితో కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత పదార్థం పెరుగుతుంది, ఈఎఫ్‌జీ1 అనే ప్రొటీన్ పోగుకు కావలసిన జన్యువులను నడిపిస్తుంది, ఎన్ఆర్‌జీ1 అనే మరో ప్రొటీన్ వేసి ఉంచిన బ్రేకు తొలగుతుంది. ఎన్-అసిటైల్ గ్లూకోజమైన్ అనే చక్కెర కూడా ఇలాగే పోగులు తెప్పిస్తుంది. ఆ చక్కెరను క్యాండిడా ఎలా వాడుకుంటుందన్న దాని మీద మన ఢిల్లీ జేఎన్‌యూలో ఆశిష్ దత్తా దశాబ్దాల పాటు పనిచేశారు. తటస్థ పీహెచ్, కార్బన్ డయాక్సైడ్ కూడా పోగు వైపు నెట్టేవే. ఆమ్లం ఈస్ట్ వైపు లాగుతుంది. అయితే ఈ ఆమ్లం మాట ఒక్కటీ పట్టుకుని యోని ఇన్‌ఫెక్షన్‌ను వివరించబోకండి. క్యాండిడా వల్ల వచ్చే యోని ఇన్‌ఫెక్షన్‌లో అక్కడి పీహెచ్ చాలావరకు మామూలు ఆమ్లంగానే ఉంటుంది. సంకేతాలు ఒకటి కాదు, పది కలిసి వస్తాయి.

ఇక సమయం. రెండు గంటలకు తక్కువ కాకుండా, మూడు గంటలు దాటకుండా. పదిన్నరకు పెడితే ఒంటిగంటకు చూడండి. భోజనానికి వెళ్లి వచ్చి తీరిగ్గా నాలుగింటికి చూస్తామంటే కుదరదు. మూడు గంటలు దాటాక ట్రాపికాలిస్ కూడా పొడుగాటి మొగ్గలు తొడిగి మొలకల్లా కనిపించడం మొదలుపెడుతుంది. ఆల్బికన్స్ మొలకలేమో మరీ సాగి, ఒకదానికొకటి చుట్టుకుని గడ్డలుగా మారి, మొదలు ఎక్కడుందో కనిపించదు. ఈ పరీక్షలో చూడవలసింది ఆ మొదలే.

స్లైడ్ మీద ఏం చూడాలి

గొట్టాన్ని మెల్లగా కదిపి ఒక చుక్క స్లైడ్ మీద వేసి కవర్ స్లిప్ కప్పండి. రంగు అక్కర్లేదు. కావాలంటే లాక్టోఫినాల్ కాటన్ బ్లూ కలుపుకోవచ్చు. కండెన్సర్ దించి వెలుతురు తగ్గించండి. వెలుతురు ఎక్కువైతే పారదర్శకమైన మొలకలు కళ్లముందే ఉండి కనిపించవు. 10ఎక్స్‌తో కణాలు ఎక్కడున్నాయో వెతికి, 40ఎక్స్‌తో నిర్ణయించాలి.

నిజమైన జర్మ్ ట్యూబ్ తల్లి కణంలోంచి సూటిగా సాగుతుంది. బయలుదేరిన చోట నొక్కు ఉండదు. దాని రెండు అంచులూ సమాంతరంగా ఉంటాయి. వెడల్పు తల్లి కణంలో ఇంచుమించు సగం, పొడవు మూడు నాలుగు రెట్లు. మెడ దగ్గర అడ్డుగోడ ఉండదు. మొదటి అడ్డుగోడ తర్వాతెప్పుడో గొట్టం లోపల, మెడకు దూరంగా వస్తుంది. సూడోహైఫా అలా కాదు. అది మన చెరువు గట్ల మీద తుమ్మకాయ ఉన్నట్టే ఉంటుంది: గింజకూ గింజకూ మధ్య నొక్కు, నొక్కుకూ నొక్కుకూ మధ్య ఉబ్బు. తల్లి కణాన్ని అంటిపెట్టుకున్న చోట ఆ నొక్కు స్పష్టంగా కనిపిస్తే అది ఎంత పొడుగున్నా సరే, జర్మ్ ట్యూబ్ కాదు. మామూలు మొగ్గ అయితే ఇంకా తేలిక, గుండ్రంగా, పొట్టిగా ఉంటుంది.

ఫోకస్ స్క్రూను కొద్దిగా పైకీ కిందికీ తిప్పుతూ మెడను చూడాలి. ఒకే తలంలో చూస్తే నొక్కు దాక్కుంటుంది. ఒక కణం మీద మరొకటి పడి, మొలకలాంటి భ్రమ కల్పించడమూ మామూలే. అందుకే ఒక్క కణం చూసి పాజిటివ్ రాయకండి. ఫీల్డు తర్వాత ఫీల్డు జరుపుతూ పదైనా చూడండి. తర్వాత కంట్రోల్ స్లైడ్లు రెండూ పక్కపక్కనే చూడండి. పాజిటివ్ కంట్రోల్ మొలకెత్తకపోతే రోగి ఫలితం రాసే ప్రశ్నే లేదు. సీరం పాతదా, వేడి తగ్గిందా, కాలనీ ఎక్కువైందా వెతికి మళ్లీ పెట్టాలి.

తీరిక ఉన్న రోజు ఒక పని చేయండి. సీరంలో కలిపిన వెంటనే ఒక చుక్క స్లైడ్ మీద వేసి, కవర్ స్లిప్ అంచులకు వ్యాజ్‌లీన్ రాసి ఆరిపోకుండా మూసి, ఇంక్యుబేటర్‌లో పెట్టి అరగంటకోసారి తీసి చూడండి. మొదట ఏమీ ఉండదు. గంట ప్రాంతంలో కొన్ని కణాల పక్కన చిన్న బుడిపె కనిపిస్తుంది. అది మొగ్గో మొలకో అప్పుడు చెప్పలేం. తర్వాత అది గుండ్రం కావడం మాని పొడుగవుతుంది. ఇది చూసిన విద్యార్థికి నేను సూడోహైఫా గురించి రెండోసారి చెప్పవలసిన అవసరం రాలేదు.

ఆ గొట్టం రోగి ఒంట్లో ఏం చేస్తుంది

స్లైడ్ మీద చూసిన ఈ మార్పే నోటి పొర మీద జరిగితే ఏమవుతుంది? ఈస్ట్ రూపం పొరకు తేలిగ్గా అంటుకుని ఉంటుంది. పోగు రూపం రాగానే పై తొడుగు మీద కొత్త ప్రొటీన్లు వస్తాయి. హెచ్‌డబ్ల్యూపీ1 అనేదాన్ని మన కణాల ఎంజైమే తన సొంత ప్రొటీన్ అనుకుని పొరకు గట్టిగా అతికిస్తుంది. ఏఎల్ఎస్3 అనేది పొర కణాలను పట్టుకుని, తనను లోపలికి తీసుకునేలా చేస్తుంది, ఇనుమును కూడా గుంజుకుంటుంది. పోగు కొస ముందుకు నెట్టుకుంటూ పోతుంది. పోగులు ఈసీఈ1 అనే జన్యువును బాగా వాడతాయని చాలా ఏళ్లుగా తెలిసినా అదెందుకో 2016 దాకా అంతుచిక్కలేదు. ఆ జన్యువు నుంచి తయారయ్యే ప్రొటీన్‌ను శిలీంధ్రం ముక్కలు చేసి, 31 అమైనో ఆమ్లాల చిన్న ముక్కను బయటికి వదులుతుంది. అది మన కణాల పొరకు చిల్లులు పొడుస్తుంది. లండన్ కింగ్స్ కాలేజీ, జర్మనీలోని యేనా పరిశోధకులు కలిసి తేల్చిన ఈ విషానికి క్యాండిడాలైసిన్ అని పేరు. మనిషికి జబ్బు చేసే శిలీంధ్రాల్లో ఇలాంటి పెప్టైడ్ విషం కనబడటం అదే మొదలు.

తెల్ల రక్తకణం ఈస్ట్‌ను మింగినా కథ అక్కడితో ముగియదు. మాక్రోఫేజ్ అనే ఆ తెల్లకణం కడుపులోనే ఈస్ట్ మొలకెత్తి, పోగు చాచి, కణాన్ని చీల్చుకుని బయటపడగలదు.

అయితే ఈస్ట్ సాధువు, పోగు దొంగ అని పిల్లలు రాసుకుంటే నేను కొట్టేస్తాను. 1997లో అమెరికాలోని వైట్‌హెడ్ సంస్థలో పోగు చాచలేని స్ట్రెయిన్‌ను తయారుచేసి ఎలుకలకు ఎక్కిస్తే అవి చావలేదు. అంతవరకు మాట నిజం. 2003లో శాన్ ఆంటోనియోలో చేసిన ప్రయోగం ఇంకా ఆసక్తికరం. ఎన్ఆర్‌జీ1 బ్రేకును డాక్సీసైక్లిన్‌తో నడిపించే స్ట్రెయిన్‌ను కట్టారు. ఎలుకల తాగే నీళ్లలో మందు కలిపితే బ్రేకు తొలగి పోగులు వస్తాయి, కలపకపోతే ఈస్ట్‌గానే ఉంటుంది. మందు ఇవ్వని ఎలుకలు బతికాయి, కానీ వాటి అవయవాల్లో ఈస్ట్ దండిగా ఉంది. అంటే రక్తంలో పడి అవయవాలకు చేరడం ఈస్ట్ రూపంలోనూ బాగానే సాగుతుంది, చేరినచోట ప్రాణం తీయడానికి పోగు కావాలి. రెండు రూపాల మధ్య అటూ ఇటూ మారగలగడమే దాని బలం. ఇక గ్లాబ్రాటా, ఆరిస్ లాంటి జాతులు ఇలా పోగులు చాచకపోయినా ఐసీయూల్లో ప్రాణాలు తీస్తూనే ఉన్నాయి. కాబట్టి జర్మ్ ట్యూబ్ నెగెటివ్ అంటే ప్రమాదం లేదని ఎవరైనా అనుకుంటే వారిని వెంటనే సరిదిద్దండి.

రోగి ఒంట్లో ఈ రెండు రూపాలనూ నేరుగా చూడాలంటే నాలుక మీది తెల్లపూతను గీకి, ఒక చుక్క పది శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేసి, పది నిమిషాలాగి చూడండి. మన కణాలు కరిగి తేటపడతాయి, శిలీంధ్రం మిగులుతుంది. ఈస్టూ, పోగులూ కలిసే ఉంటాయి. గీకితే సులువుగా వచ్చేసి, కింద ఎర్రటి పొర కనిపించే పూత అయితే అది క్యాండిడా కావడానికి అవకాశం ఎక్కువ.

ఫలితాన్ని ఎలా రాయాలి

పాజిటివ్ వస్తే "జర్మ్ ట్యూబ్ పాజిటివ్, క్యాండిడా ఆల్బికన్స్ కావచ్చు" అని రాయండి. కావచ్చు అన్న మాట మర్యాద కోసం కాదు. 1995లో ఐర్లండ్‌లో హెచ్‌ఐవీ రోగుల నోటి నుంచి వేరుచేసిన డబ్లినియెన్సిస్ అనే జాతి కూడా మొలకెత్తుతుంది. అది 45 డిగ్రీల దగ్గర పెరగదు, ఆల్బికన్స్ సాధారణంగా పెరుగుతుంది. అనుమానం ఉంటే ఆ చిన్న పరీక్ష పెట్టుకోవచ్చు.

నెగెటివ్ వస్తే "ఆల్బికన్స్ కాదు" అని కొట్టిపారేయకండి. ఆల్బికన్స్‌లోనూ కొన్ని, ఇంచుమించు నూటికి అయిదు, ఈ పరీక్షలో మొలకెత్తవు. జాతిని బట్టి కాలనీకి వేరే రంగు వచ్చే క్రోమ్ అగర్ మీద వేయండి: ఆల్బికన్స్ లేత ఆకుపచ్చ, ట్రాపికాలిస్ నీలం, క్రుసియై అనే మరో జాతి గరుకైన గులాబీ రంగు. దానితో పాటు కార్న్‌మీల్ అగర్ మీద గీసి, కవర్ స్లిప్ కప్పి, 25 డిగ్రీల దగ్గర రెండు మూడు రోజులుంచితే ఆల్బికన్స్ పోగుల కొసల్లో దళసరి గోడ ఉన్న గుండ్రటి క్లామిడోస్పోర్‌లు కనిపిస్తాయి. మన దేశంలో రక్తంలో దొరికే క్యాండిడాల్లో ట్రాపికాలిస్‌దే పెద్ద వాటా అని ఐసీయూల సర్వేల్లో తేలింది, అందుచేత ఇక్కడి ల్యాబ్‌లో నెగెటివ్‌ను పాజిటివ్‌తో సమానంగా పట్టించుకోవాలి. 2009లో జపాన్‌లో ఒక రోగి చెవి నుంచి తొలిసారి వర్ణించిన ఆరిస్ కూడా నెగెటివే. అది మన పాత పద్ధతులకు చిక్కదు. ఐసీయూ నుంచి నెగెటివ్ ఈస్ట్ వచ్చి, ఫ్లూకొనజోల్‌కు లొంగకపోతే మాల్డి-టాఫ్ (ప్రొటీన్లను బట్టి జాతిని గుర్తించే యంత్రం) ఉన్న పెద్ద ల్యాబ్‌కు పంపండి. చండీగఢ్ పీజీఐలో వ్యాధికారక శిలీంధ్రాల జాతీయ సేకరణ కేంద్రం కూడా ఉంది.

మరో మాట. జర్మ్ ట్యూబ్ అది ఏ జాతో చెబుతుంది, రోగికి జబ్బుందో లేదో చెప్పదు. కఫంలో క్యాండిడా కనిపిస్తే చాలాసార్లు అది నోట్లోదే. గొట్టం పెట్టిన రోగి మూత్రంలో కనిపిస్తే గొట్టం మార్చి మళ్లీ చూడటం ఎక్కువసార్లు సరైన పని. రిపోర్టులో ఆ పేరు చూసి మందుల షాపుకెళ్లి ఫ్లూకొనజోల్ కొనుక్కున్నవారు మా ఓపీలో కొదవ లేదు. నిజానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించిన శిలీంధ్రాల జాబితాలో ఆల్బికన్స్‌ను అత్యంత ప్రమాదకరమైన నాలుగింటిలో ఒకటిగా పెట్టింది. కానీ ఆ హెచ్చరిక రక్తంలోకి, లోపలి అవయవాల్లోకి చేరిన దాన్ని ఉద్దేశించింది. నాలుక మీద ఉన్నదాన్ని చూసి అంత హడలిపోనక్కర్లేదు.

రక్తం సంగతి వేరు. బ్లడ్ కల్చర్ సీసాలో ఈస్ట్ కనిపిస్తే దాన్ని ఎప్పుడూ బయటి మాలిన్యం అనుకోకూడదు. గ్రామ్ స్టెయిన్‌లో మొగ్గ తొడిగిన కణాలు కనిపించిన క్షణమే వార్డుకు ఫోను చేయండి, సబ్‌కల్చర్ పెరిగేదాకా ఆగవద్దు. కాలనీ వచ్చిన ఉదయమే ముందుగా ఈ పరీక్ష పెట్టండి. ఆల్బికన్స్ అయితే ఎక్కువసార్లు ఫ్లూకొనజోల్ పనిచేస్తుంది. క్రుసియైకి అది సహజంగానే పనిచేయదు, గ్లాబ్రాటాకు తరచూ చాలదు. ఒంటిగంటకు మీరు చెప్పే ఒక్క మాటతో డాక్టరుగారు మందు మార్చాలా వద్దా అన్నది తేల్చుకోగలరు. వాడిన గొట్టాలు, స్లైడ్లు ఒక శాతం హైపోక్లోరైట్‌లో వేసి, కల్చర్ ప్లేట్లు ఆటోక్లేవ్‌కు పంపండి. రిజిస్టర్‌లో సీరం సీసా నంబరు, పెట్టిన గంట, చూసిన గంట, రెండు కంట్రోల్‌ల ఫలితాలు, ఫోనులో ఎవరితో మాట్లాడారు, ఎన్నింటికి మాట్లాడారు, ఇవన్నీ రాసి సంతకం చేయండి.